పెళ్లి సంబంధానికి కళ్లద్దాలు లేని ఫోటో కావాలట

వంశధార ఒడ్డు
మాది గుణుపురం. రెండో తరగతి నుంచి కళ్లద్దాలు పెట్టుకుంటున్నాను. ఇప్పుడు కుడి కంటికి మైనస్ 7.5, ఎడమ కంటికి మైనస్ 7. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. శ్రీకాకుళం వైపు నుంచి ఒకటి వచ్చింది. నా ఫోటో చూడగానే మా మేనత్త "ఇది పంపవద్దు, అద్దాలు తీసి ఇంకొకటి దిగు, సోడాబుడ్డి అనుకుని మొదట్లోనే వద్దంటారు" అంది. అమ్మ మాట్లాడలేదు. ఆ మౌనమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

నేను చేసే పని ఫోటోలు తీయడం. గుణుపురం నుంచి పాతపట్నం దాకా పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, బారసాలలు ఒప్పుకుంటాను. నా చేత్తో తీసిన ఫోటోలు చూసి కుదిరిన సంబంధాలు ఉన్నాయి. ఇప్పుడు నా ఫోటో దగ్గరే గొడవ.

చిన్నప్పుడు ఒడియా బడిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, అందరికీ నేను "చశ్మా". బడిలో గ్రూప్ ఫోటో తీసే రోజు అద్దాలు జేబులో పెట్టుకునేదాన్ని. ఆ ఫోటోల్లో నా చూపు ఎటో ఉంటుంది, ఎందుకంటే కెమెరా ఎక్కడుందో నాకు కనిపించేది కాదు. తొమ్మిదో తరగతిలో చిన్నాన్న తన పాత కెమెరా ఇచ్చారు. వంశధారలో తెల్లవారుజామున వల విసిరే మనిషిని తీశాను. ఆ ఫోటో చూసిన వాళ్లంతా "ఎవరు తీశారు?" అని అడిగారు. నీ సైటు ఎంత అని అడగకుండా నా గురించి ఏదో తెలుసుకోవాలనుకోవడం అదే మొదలు. ఆ రోజు నుంచి అద్దాలు జేబులో పెట్టలేదు.

అందుకే అడుగుతున్నాను. అద్దాలు తీసి దిగిన ఫోటో పంపడం మీకు సబబుగా అనిపిస్తుందా? అద్దాలతోనే దిగాలంటే ఇంత పవర్‌కు మెరుపు పడకుండా, కళ్లు చిన్నవిగా కనిపించకుండా ఎలా? ఎదుటివాళ్లను తీయడం వేరు, నన్ను నేను తీసుకోవడం వేరుగా ఉంది.

రాయగడ అమ్మ
తల్లీ, అద్దాలతోనే పంపు. రెండో ఆలోచన వద్దు.

ధర్మాబాద్ మిర్చి
రెండు ఫోటోలూ పంపితే సరిపోతుంది కదా. ఒకటి అద్దాలతో, ఒకటి లేకుండా. ఎలాగూ చూడటానికి వచ్చినప్పుడు తెలిసేదే. మా చెల్లికి అలాగే పంపాం, ఎవరూ ఏమీ అనలేదు. ఇంత చిన్న విషయానికి అత్తతో పేచీ ఎందుకు?

రాయగడ అమ్మ
ధర్మాబాద్ గారూ, చిన్న విషయం కాదండీ. మా పాపకు తొమ్మిదేళ్లు, పోయిన ఏడాది మైనస్ 2 వచ్చింది. బడిలో ఫోటో తీసేవాడే "పాపా, అద్దాలు తీసేయ్, అందంగా వస్తావు" అన్నాడట. అప్పటి నుంచి ఇంటికి చుట్టాలు వస్తే చాలు, తీసి దిండు కింద పెడుతుంది. పెద్దవాళ్ల నోటి మాట పిల్లల్లో ఎంత లోతుకు దిగుతుందో చూస్తున్నాను. గుణుపురం అమ్మాయి చెప్పింది చదువుతుంటే మా పాప కళ్ల ముందు మెదిలింది.

నౌపడా లైను
మేనత్తలంతా ఒక సంఘం పెట్టుకున్నారేమో అని నా అనుమానం. మా ఇంట్లో అన్నయ్య బట్టతల గురించి ఇదే చర్చ, ఇదే గొంతు, ఇవే మాటలు. అన్నయ్యకు టోపీ పెట్టి ఫోటో తీయమన్నారు!

పర్లాకిమిడి స్టూడియో
అమ్మా, నేను చాలా ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. రీలు కాలం నుంచీ సంబంధాల ఫోటోలు తీస్తున్నవాణ్ణి. నీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను.

అద్దాలు తీసి దిగితే బాగుంటుందని అనుకుంటారు గాని, బాగుండదు. ఎప్పుడూ అద్దాలు పెట్టుకునేవాళ్ల ముక్కుకు రెండు పక్కలా మచ్చలుంటాయి, అవి కనిపిస్తాయి. అంతకన్నా ముఖ్యం, చూపు నిలవదు. నువ్వే రాశావు కదా, కెమెరా ఎక్కడుందో కనిపించలేదని. చూపు లేని ముఖానికి ఎంత లైటు పెట్టినా కళ రాదు.

మెరుపు సంగతి. వెలుగు అద్దం మీద ఏ కోణంలో పడితే అదే కోణంలో తిరిగి వెళ్తుంది. లైటు కెమెరా పక్కనే, కళ్ల ఎత్తులో ఉంటే ఆ మెరుపు నేరుగా లెన్స్‌లోకి వస్తుంది. కాబట్టి లైటును పైకి ఎత్తి, పక్కకు జరుపు. గడ్డం కొద్దిగా దించు. చెవుల దగ్గర కాడలను వెంట్రుకవాసి పైకి లేపితే అద్దం కిందికి వాలుతుంది, మెరుపు నేలకు పోతుంది. ఎంత లేపామో ఫోటోలో ఎవరికీ తెలియదు. కిటికీ వెలుగులో తీసుకుంటే కిటికీకి ఎదురుగా కాకుండా ఏటవాలుగా కూర్చో.

కళ్లు చిన్నవిగా కనిపించడం మైనస్ అద్దం స్వభావం. దాన్ని పూర్తిగా పోగొట్టలేం. కాని పూర్తిగా పక్కకు తిరిగి కూర్చోకు. పక్కకు తిరిగిన కొద్దీ అద్దం లోపల చెంప గీత లోపలికి విరిగినట్టు కనిపిస్తుంది. ముఖం దాదాపు ఎదురుగానే ఉంచు.

కొన్నిచోట్ల అద్దాలు ఊడదీసి ఉత్త ఫ్రేము పెట్టి తీస్తారు. సినిమా వేషాలకు అది పనికివస్తుంది. పెళ్లి సంబంధానికి నేను చేయను.

వంశధార ఒడ్డు
స్టూడియో బాబాయ్, కాడలు లేపే సంగతి నాకు తెలియదు. ఇన్ని పెళ్లిళ్లలో అద్దాలున్న పెద్దవాళ్లను తీస్తూ లైటు జరపడానికే తంటాలు పడుతున్నాను. చాలా మేలు చేశారు.

బల్లార్షా గళం
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు మాట్లాడతాను. కెమెరా వల్ల ధైర్యం వచ్చిందని రాశారు. నాకు నమ్మకం లేదు. కెమెరా పట్టుకున్న మనిషిని ఎవరూ చూడరు. అద్దాలు జేబులో దాచిన పిల్ల పెద్దయ్యాక తనే కెమెరా వెనక దాక్కుంది. అందుకే ఇప్పుడు తన ఫోటో అనేసరికి పాత బాధ మళ్లీ బయటికి వచ్చింది. దీనికి మందు కెమెరాలో లేదు. కాంటాక్ట్ లెన్సులున్నాయి, లేజర్ ఉంది. డబ్బు ఖర్చు పెట్టి బాధ వదిలించుకోవడంలో తప్పేమీ లేదు.

కొరాపుట్ మబ్బులు
బల్లార్షా గారి మాట కటువుగా ఉంది, కాని ఆలోచించదగ్గదే. నేనూ కొన్నాళ్లు అలా దాక్కున్నవాణ్ణే. చుట్టాల ఇళ్లలో ఎవరితో మాట్లాడాలో తెలియక కెమెరా తీసేవాణ్ణి.

బరంపురం చూపు
నేను కళ్ల పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టును. లేజర్ మాట వచ్చింది కాబట్టి కొన్ని సంగతులు.

దగ్గరి చూపు మాత్రమే స్పష్టంగా ఉండటానికి ఎక్కువమందిలో కారణం కనుగుడ్డు పొడవు పెరగడం. పెద్దవాళ్ల కనుగుడ్డు సుమారు 24 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అది ఒక్క మిల్లీమీటరు పెరిగితే రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల (అద్దం పవర్ కొలత) మైనస్ వస్తుంది. అంటే దూరపు వెలుగు రెటీనా (కంటి వెనక ఉండే తెర) మీద కాకుండా దానికి ముందే కేంద్రీకరించుకుంటుంది. లేజర్ కంటి ముందు పొర వంపును మారుస్తుంది, కనుగుడ్డు పొడవును కాదు. అద్దాలు పోయినా మైనస్ 6 దాటినవాళ్లకు రెటీనా ఊడే ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువే ఉంటుంది. గుణుపురం చెల్లెమ్మా, నువ్వు అద్దాలు ఉంచుకున్నా, లేజర్ చేయించుకున్నా ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. అకస్మాత్తుగా మెరుపులు, నల్లటి చుక్కలు ఎక్కువైనా, పక్క నుంచి పరదా దించినట్టు అనిపించినా ఆ రోజే వెళ్లాలి.

లేజర్‌కు 18 ఏళ్లు నిండి ఉండాలి, పవర్ కనీసం ఏడాదిగా మారకుండా ఉండాలి, కంటి ముందు పొర తగినంత మందంగా ఉండాలి. అందరికీ కుదరదు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటే వాటితో నిద్రపోకూడదు, కుళాయి నీళ్లతో కడగకూడదు, నదీ స్నానం అసలే వద్దు.

రాయగడ అమ్మగారూ, "అద్దాలు రోజంతా పెట్టుకుంటే సైటు పెరుగుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. పాపకు సరైన పవర్ ఇవ్వకపోతేనే నష్టం. రోజూ కనీసం రెండు గంటలు ఆరుబయట పగటి వెలుగులో గడిపితే పిల్లల్లో సైటు మొదలవకుండా అడ్డుకోవడానికి మంచిదని చాలా పరిశీలనల్లో తేలింది. పెరుగుదలను నెమ్మదింపజేసే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు కూడా ఉన్నాయి, అవి వైద్యులు చూసి చెప్పాకే.

ధర్మాబాద్ మిర్చి
పరదా సంగతి మా నాన్నకు పంపించాను. ఆయనకు మైనస్ 9. ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు.

సిరోంచ సంగమం
బల్లార్షా అన్నా, దాక్కోవడం గురించి నాకు చెప్పాల్సింది ఉంది. కాస్త పొడుగవుతుంది.

మాది సిరోంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఆరో తరగతిలో అద్దాలు వచ్చాయి. బడిలో "ఢాపణ్యా" అనేవాళ్లు, ఇంటి దగ్గర తెలుగు పిల్లలు "భూతద్దాలు" అనేవాళ్లు. రెండు భాషల్లో వెక్కిరింత పడ్డాను. క్రికెట్ ఆడేటప్పుడు ఒకసారి బంతి తగిలి అద్దం పగిలింది. కొత్తవి కొనడానికి నాన్న వారం రోజులు ఎవరి దగ్గరో అప్పు అడిగారు. అప్పటి నుంచి ఆటకు పోవడం మానేశాను.

అక్క పాత ఫోను ఇస్తే నది దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. మా ఊరి దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇంకొంచెం దిగువన సోమనూరు దగ్గర ఇంద్రావతి కలుస్తుంది. వానలు పడ్డాక రెండు నీళ్లు రెండు రంగుల్లో చాలా దూరం పక్కపక్కనే నడుస్తాయి. అది ఫోనులో రావాలంటే ఎత్తు కావాలి. ఎత్తు కావాలంటే పడవ వాళ్ల గుట్ట మీదికి ఎక్కాలి, ఎక్కాలంటే వాళ్లను అడగాలి. పడవ వాళ్లు గోండి మాట్లాడతారు, తెలుగు మాట్లాడతారు, మరాఠీ మాట్లాడతారు. వాళ్లతో మాట్లాడటం నేర్చుకున్నాను. బడిలో నోరు విప్పని వాణ్ణి, నది ఒడ్డున పెద్దవాళ్లను ఆపి "మిమ్మల్ని ఒక ఫోటో తీయవచ్చా" అని అడిగేవాణ్ణి. ఎక్కువమంది సరే అన్నారు. వద్దన్నవాళ్లను తీయలేదు.

2022లో ప్రాణహిత పుష్కరాలకు మా ఊరు కిటకిటలాడింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషుల మధ్య తిరిగి ఫోటోలు తీశాను. ఒక ముసలమ్మ నా అద్దాలు తన కళ్లకు పెట్టుకుని చూసి, "నీకు లోకం ఇంత చిన్నగా కనిపిస్తుందా నాయనా" అని నా తల నిమిరింది. ఆమె ఫోటో మా ఇంట్లో గోడ మీద ఉంది.

దాక్కున్నవాడు ఇవన్నీ ఎలా చేస్తాడు అన్నా? కెమెరా నాకు మనుషుల దగ్గరికి వెళ్లడానికి ఒక పని ఇచ్చింది. పని ఉంటే అడుగు పడుతుంది. ఆ తర్వాత మాటలు వచ్చాయి.

నౌపడా లైను
ముసలమ్మ దగ్గర ఆగిపోయాను తమ్ముడూ. ఆ ఫోటో ఇక్కడ పెట్టకు గాని, ఇంకోసారి ఆమె గురించి రాయి.

బల్లార్షా గళం
సిరోంచ తమ్ముడూ, పని అన్నమాట నచ్చింది. కాని నీకు దొరికినది అందరికీ దొరకదు. గుణుపురం అమ్మాయి ఇంకా తన ముఖం ఫోటోలో చూసుకోవడానికి ఇబ్బంది పడుతోంది కదా. ఎదుటివాళ్ల ముఖాలు తీసే ధైర్యం ఒకటి, తన ముఖం నిలబెట్టే ధైర్యం ఇంకొకటి. నా మాట అక్కడే ఉంది.

వంశధార ఒడ్డు
బల్లార్షా గారూ, నాకు నా ముఖంతో ఇబ్బంది లేదు. ఫోటోలో నా అద్దాలు చూసి నేను సిగ్గుపడటం లేదు, వాటిని తీయమని అడిగినందుకు కోపం వచ్చింది. రెండూ వేరు. చిన్నప్పుడు ఇలాంటి మాట వింటే ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం నాకు కెమెరా వల్లే వచ్చిందని నమ్ముతాను.

రాయగడ అమ్మ
బాగా చెప్పావమ్మా.

జయపురం మాస్టారు
బడిలో పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి పిల్లల వైపు నుంచి ఒక మాట. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే బృందం చూపు కూడా చూస్తుంది. అద్దాలు రాసిస్తారు, కొందరికి ఉచితంగా అందుతాయి. తర్వాత నెల తిరక్కముందే సగం మంది ముఖాల మీద అద్దాలు కనిపించవు. సంచిలో ఉంటాయి, లేదా ఇంట్లో పగిలి ఉంటాయి. కారణం దాదాపు ఎప్పుడూ వెక్కిరింతే.

నేను ఒక పని చేస్తాను. నా ఫోను ఇచ్చి, అద్దాలున్న పిల్లలతో బడి చుట్టూ ఉన్నవాటిని ఫోటోలు తీయిస్తాను. ముందు అద్దాలు తీసి చూడమంటాను, తర్వాత పెట్టుకుని. "తీసినప్పుడు ఎలా కనిపించిందో అలా ఫోనులో తెప్పించు" అంటాను. ఫోకస్ కావాలని చెడగొట్టి మసక ఫోటో తీస్తారు. ఆ ఫోటో మంచి చూపున్న పిల్లలకు చూపిస్తే నోరు తెరుస్తారు. "నీకు నిజంగా ఇలా కనిపిస్తుందా?" అని అడుగుతారు. ఆ తర్వాత ఆ తరగతిలో వెక్కిరింత తగ్గడం చూశాను.

బరంపురం చూపు
మాస్టారూ, ఇది అద్భుతం. చూపు మసక ఎలా ఉంటుందో తల్లిదండ్రులకు చెప్పడానికి మాకు కూడా ఇంత మంచి మార్గం లేదు. మా బరంపురంలో ఠాకురాణి యాత్ర దీపాల కింద అద్దాలు తీసి చూస్తే ఒక్కో బల్బు పెద్ద గుండ్రటి బిళ్లలా విచ్చుకుంటుంది. లెన్స్ కన్ను (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) పెద్దది చేసి ఫోకస్ దగ్గరికి తెస్తే కెమెరాలోనూ అవే బిళ్లలు. రెండింటికీ కారణం ఒకటే, వెలుగు సరైన చోట కేంద్రీకరించుకోకపోవడం. ఫోటోలు తీసేవాళ్లు డబ్బు పోసి కొనుక్కునే ఆ మసక మన పిల్లలకు ఊరికే తెలుసు.

ధర్మాబాద్ మిర్చి
ఫోను చూస్తే సైటు పెరుగుతుందంటారు, ఇక్కడ ఫోను ఇవ్వమంటున్నారు. ఏది నమ్మాలి?

బరంపురం చూపు
ఫోనును ముఖానికి దగ్గరగా పెట్టుకుని గంటల తరబడి చూడటం వేరు, ఫోను పట్టుకుని ఎండలో తిరిగి దూరంగా ఉన్న పక్షినో చెట్టునో తీయడం వేరు. ఫోటోలు చూసుకోవడం ఇంటికి వచ్చాక కొద్దిసేపే ఉండాలి.

కొరాపుట్ మబ్బులు
కెమెరా కొనాలనుకునే అద్దాలవాళ్లకు ఒక సంగతి. కెమెరాలో కన్ను ఆనించి చూసే చోట పక్కన చిన్న చక్రం ఉంటుంది. అది సాధారణంగా మైనస్ 3 నుంచి ప్లస్ 1 దాకా సర్దుతుంది, కొన్నిటిలో ఇంకాస్త ఎక్కువ. తక్కువ సైటు ఉంటే అద్దాలు లేకుండానే చూడవచ్చు. గుణుపురం అక్క మైనస్ 7.5కు ఆ చక్రం చాలదు, సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు ఇచ్చేది) ఉన్నా ఆ చక్రం దాన్ని సరిచేయదు. అద్దాలతోనే చూడాలి. అలాంటప్పుడు కన్ను వెనక్కి ఉన్నా మొత్తం చట్రం కనిపించే కెమెరా తీసుకోవాలి. కంటికీ కెమెరాకూ మధ్య ఆ దూరం 20 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మంచిది, కెమెరా వివరాల పుస్తకంలో రాసి ఉంటుంది. నికాన్ 1982లో ఎఫ్3 కెమెరాను హెచ్‌పీ అనే రకంగా మళ్లీ తెచ్చింది, అద్దాలవాళ్లు 25 మిల్లీమీటర్ల దూరం నుంచి చూడగలిగేలా. నాన్న దగ్గర ఒకటి ఉంది. దాన్ని తాకనిచ్చిన రోజు నేను నిద్రపోలేదు.

ఇంకొకటి, దేవమాలి కొండ మీద పొగమంచులో అద్దం కెమెరాకు ఆనించి ఊపిరి వదిలితే రెండూ మసకేస్తాయి. ఊపిరి పక్కకు వదలండి.

పర్లాకిమిడి స్టూడియో
కెమెరాలో కన్ను ఆనించే చోట రబ్బరు ఊడిపోయి ఉంటే వెంటనే కొత్తది వేయించండి. లోహం తగిలి అద్దం మధ్యలో గీత పడుతుంది. ఎంతమంది ఫోటోగ్రాఫర్ల అద్దాల మీద ఆ గీత చూశానో.

వంశధార ఒడ్డు
ఇవాళ ఉదయం మేడ మీద ఏటవాలు వెలుగులో తీసుకున్నాను. కాడలు లేపాను, గడ్డం దించాను. మెరుపు లేదు. కళ్లు చిన్నవిగానే ఉన్నాయి, కాని చూపు సూటిగా ఉంది. అమ్మకు చూపించాను. అత్తకు ఫోను చేసి "ఇదే పంపుతున్నాం వదినా" అంది అమ్మ. అత్త కోపంగానే ఉంది. పంపాం.

రాయగడ అమ్మ
మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ధర్మాబాద్ మిర్చి
వాళ్లు కాదంటే?

వంశధార ఒడ్డు
కాదంటే ఇంకొకరికి ఇదే ఫోటో వెళ్తుంది ధర్మాబాద్ అన్నయ్యా.

బల్లార్షా గళం
ఆ మాటకు నేను ఎదురు చెప్పను. కాని రెటీనా పరీక్ష మాత్రం మరవకు.

రాయగడ అమ్మ
మా పాపకు కొత్త ఫ్రేము తీసుకోవాలి. పెద్ద గుండ్రటి ఫ్రేము కావాలంటోంది. ఎలాంటిది మంచిది?

బరంపురం చూపు
మైనస్ అద్దం మధ్యలో పలుచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. ఫ్రేము పెద్దదైన కొద్దీ అంచు మందం పెరుగుతుంది. మైనస్ 2కు పెద్ద తేడా ఉండదు, పాపకు నచ్చినదే తీసుకోండి. నచ్చితే పెట్టుకుంటుంది. అద్దం మాత్రం పాలీకార్బొనేట్ అడగండి, ఆటల్లో అంత సులువుగా పగలదు. సిరోంచ తమ్ముడికి చిన్నప్పుడు అదే ఉండాల్సింది.

వంశధార ఒడ్డు
అక్కా, ఆషాఢంలో పాపను పర్లాకిమిడి రథయాత్రకు తీసుకురండి. నేను అక్కడ ఫోటోలు తీస్తాను. నా రెండో కెమెరా తనకు ఇస్తాను, కొత్త అద్దాలతో రమ్మనండి.

రాయగడ అమ్మ
చెప్పాను. వస్తానంటోంది. దిండు కింద నుంచి అద్దాలు తీసి తుడుస్తోంది!

పర్లాకిమిడి స్టూడియో
ముందుగా మా స్టూడియోకు రండి, మేడ మీద నుంచి రథం బాగా కనిపిస్తుంది. వాన పడే రోజులు. లెన్స్‌కు ఒక గుడ్డ, అద్దాలకు ఒక గుడ్డ వేరువేరుగా తెచ్చుకోండి, చీర కొంగుతో ఏదీ తుడవవద్దు.